గోడలోని తీగ

వంటయింటికి క్రొత్త విద్యుత్తు పొయ్యి వచ్చినపుడు ఇంటిల్లిపాదియు దానిచుట్టు చేరుదురు. కట్టెలు లేవు, పొగ లేదు. మీట నొక్కినంతనే వేడిమి పుట్టునని మురియుదురు. కాని ఆ పొయ్యికి వలసిన విద్యుత్తును మోసికొనివచ్చు తీగను గూర్చి తలచువారు అరుదు. అది గోడలో దాగియుండును గదా! కంటికి కానరాని ఆ తీగ సరియైనదిగా నున్నప్పుడే కంటికి కనబడు పొయ్యి వలన మేలు కలుగును.

విద్యుత్తు ప్రవహించునపుడు తీగ కొంత వేడెక్కును. జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ విషయమును ప్రయోగములచే పరిశీలించి, 1841లో ఒక సూత్రమును ప్రకటించెను. దాని ప్రకారము తీగలో పుట్టు వేడిమి ప్రవాహముయొక్క వర్గము ననుసరించి పెరుగును. ప్రవాహము రెట్టింపైనచో వేడిమి నాలుగు రెట్లగును. మూడు రెట్లైనచో తొమ్మిది రెట్లగును. పొయ్యిలో వరమైన వేడిమి గోడలో శాపమగుటకు కారణ మిదియే.

పొయ్యి అడుగున నుండు చిన్న రేకుపై 2000 వాట్లు అని వ్రాసియున్నదనుకొందము. మన దేశమున ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. 2000ను 230చే భాగించినచో సుమారు 8.7 వచ్చును. అనగా పొయ్యికి 8.7 ఆంపియర్ల ప్రవాహము కావలెను. 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు ఇన్నూరింటికి పైగా ఒక్కసారి వెలిగించిననే గాని అంత ప్రవాహము కాదు. ఇండ్లలోని చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకును, పెద్ద సాకెట్టు 16 ఆంపియర్లకును ఉద్దేశింపబడినవి. కావున ఇట్టి పొయ్యికి పెద్ద సాకెట్టే తగినది.

చాలకాలము క్రిందట కట్టిన ఒక ఇంటిని ఊహింతము. తండ్రి పొయ్యి కొనితెచ్చెను. దాని ప్లగ్గు వంటయింటి సాకెట్టులో పట్టలేదు. “నాన్నగారూ, ఈ సాకెట్టులో దీపము చక్కగా వెలుగుచున్నది. మార్పిడి ప్లగ్గు తగిలించినచో పొయ్యియు పనిచేయును గదా!” అని కుమారుడు పలికెను. తండ్రి తొందరపడక, అనుమతిపత్రము గల ఎలక్ట్రీషియన్‌ను పిలిపించెను. అతడు మెయిన్ స్విచ్చి ఆపి, బోర్డు విప్పి చూపెను. ఒక మరచుట్టు వదులై యున్నది. దానిచెంత తీగపై తొడుగు గోధుమవన్నెకు తిరిగి పెళుసెక్కినది.

“చెంబును చేదిన దారము బిందెను చేదగలదా, బాబూ?” అని అతడు బాలుని ప్రశ్నించెను. “దీపము వెలిగినంత మాత్రమున తీగ బలము తెలియదు. ప్లగ్గు పట్టకపోవుట లోపము కాదు, అది హెచ్చరిక” అని చెప్పెను.

అతని మాటలోని సత్యమును లెక్కవేసి చూడవచ్చును. వదులైన అతుకులో అర ఓము నిరోధము మాత్రమే యున్నదనుకొందము. 8.7 ఆంపియర్లు ప్రవహించినచో అచ్చట సుమారు 38 వాట్ల వేడిమి పుట్టును. రేడియో బాగుచేయువారు సీసము కరగించు సోల్డరింగు కడ్డీకి ఇంచుమించుగా అంతే వేడిమి చాలును. అట్టి కడ్డీని గోడలో పెట్టి మరచిన ఇంటిగతి యేమగును?

కావున పొయ్యి పెట్టుటకు ముందు కొన్ని సంగతులు పరీక్షింపవలెను. మొదటిది తీగ. దీపములకు, పంకాలకు సాధారణముగా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడుదురు. పొయ్యివంటి వానికి 2.5 లేక 4 చదరపు మిల్లీమీటర్ల తీగను మెయిన్ బోర్డునుండి వేరుగా లాగవలెను. కొన్ని పాత ఇండ్లలో అల్యూమినియం తీగలు కలవు. వాని అతుకులు కాలక్రమమున వదులగుట కలదు గాన వానిని మరింత జాగ్రత్తగా చూడవలెను.

రెండవది ఫ్యూజు, లేక ఎం.సి.బి. ఇది తీగకు కావలివాడు. ప్రవాహము మితిమీరినచో తీగ కాలకముందే ఇది విద్యుత్తును ఆపును. మాటిమాటికి ఆగుచున్నదని విసిగి ఫ్యూజులో లావుపాటి తీగ చుట్టుట, కావలివానిని నిద్రపుచ్చి దొంగకు తలుపు తీయుటయే.

మూడవది ఎర్తు తీగ. పొయ్యి లోహభాగమునకు విద్యుత్తు తగిలినచో దానిని భూమిలోనికి పంపి ప్రాణము కాపాడునది ఇదియే. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్తు గుంట వేసవిలో ఎండిపోకుండ నీరు పోయుట మంచిది. లోపమువలన విద్యుత్తు ప్రక్కదారి పట్టినపుడు, 30 మిల్లీ ఆంపియర్లకే ఆపివేయు ఆర్.సి.సి.బి. అను సాధనము అమర్చుకొనుట మరియు శ్రేయస్కరము.

నాలుగవది ఇంటి మొత్తపు భారము. పొయ్యితోపాటు అంతే వాట్ల గీజరును వాడినచో ప్రవాహము 17 ఆంపియర్లు దాటును. ఇంటికి మంజూరైన లోడు చాలనిచో విద్యుత్ కార్యాలయమున దరఖాస్తు చేసి పెంచుకొనవలెను.

బోర్డు విప్పుట బాలుర పని కాదు. అయినను రేకుపై వాట్లు చదివి లెక్క కట్టుట, సాకెట్టు నల్లబడినచో గాని కమురువాసన వచ్చినచో గాని పెద్దలకు వెంటనే చెప్పుట వారికి సాధ్యమే. పై కథలోని బాలుడు మార్పిడి ప్లగ్గు కొనలేదు. గోడలో క్రొత్త తీగ వేయుటకు రెండు దినములు పట్టినది. మూడవ దినమున ఆ పొయ్యిపై పాలు పొంగినవి. ఆ ఇంటివారు నిశ్చింతగా నిద్రించిరి.