మలుపులో జీపు ఎందుకు మొరాయిస్తుంది?

షోలాపూర్ తూర్పు భాగంలో, తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీల వీధుల్లో మగ్గాల టకటక వినిపిస్తూనే ఉంటుంది. అక్కడి సందు మలుపులో ఫోర్ బై ఫోర్ థార్ జీపు మీటను 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేలా) పెట్టి బండి తిప్పితే? స్టీరింగు బిగుసుకుంటుంది. టైర్లు కీచుమంటాయి. బండి కుంటుతుంది.

పాడైందా? లేదు.

మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా పెద్ద వంపు తిరుగుతాయి, ఎక్కువ దూరం పోతాయి. కానీ మీట వేయగానే రెండు ఇరుసులూ ఒకే వేగానికి కట్టుబడతాయి. నేరుగా పోతున్నప్పుడు ఇది అంతగా తెలియదు.

పిల్లలూ, మగ్గం చూశారా? బట్ట చుట్టుకునే రోలరు లాగినంత పడుగును వెనక బీము వదలాలి. వదలకపోతే నూలు బిగిసి తెగుతుంది. జీపులో తెగడానికి దారం లేదు కదా! ఆ బిగువంతా ఇరుసుల్లో, పళ్లచక్రాల్లో తడి తువ్వాలు పిండినట్టు మెలిపడుతుంది. (తువ్వాలు షోలాపూరుదే అనుకోండి.) ఏదో ఒక టైరు జారితేనే దానికి విడుదల.

బురదలో, ఇసుకలో టైరు ఇట్టే జారుతుంది. ఎండిన తారు మాత్రం పట్టు వదలదు.

కొన్ని కార్లలో ఇరుసుల మధ్య వేగం తేడాను సర్దే పళ్లచక్రాల అమరిక ఉంటుంది. అవి ఏ రోడ్డు మీదైనా హాయిగా తిరుగుతాయి. మీట వేసే థార్‌కు మాత్రం ఎండిన రోడ్డు మీద 2హెచ్ (రెండు చక్రాలకే బలం) చాలు.