గీత పడితే లేనట్టు

హైదరాబాద్‌లో పోలీసులు గంజాయి అనుమానితుల మూత్రాన్ని పరీక్షించే కిట్‌లో ఒక విచిత్రముంది. గర్భ నిర్ధారణ కిట్‌లో రెండో గీత పడితే ఉన్నట్టు. ఇందులో ఆ గీత పడితే లేనట్టు, పడకపోతేనే చిక్కు. ఈ తలకిందుల లెక్క పుట్టింది గంజాయి కోసం కాదు, మధుమేహ పరిశోధనలో.

1950లలో న్యూయార్క్ బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో రోజలిన్ యాలో అనే భౌతిక శాస్త్రవేత్త, సాల్మన్ బెర్సన్ అనే డాక్టరు కలిసి పనిచేసేవారు. ఇన్సులిన్ సూదులు వేయించుకునేవారి రక్తంలో ఆ ఇన్సులిన్‌నే పట్టుకునే యాంటీబాడీలు పుడుతున్నాయని గమనించారు. వాటితోనే ఇన్సులిన్‌ను కొలవవచ్చని వాళ్లకు తట్టింది. కొద్దిపాటి యాంటీబాడీలు తీసుకుని, రేడియోధార్మిక అయోడిన్ తగిలించిన ఇన్సులిన్‌ను, రోగి రక్తాన్ని కలిపేవారు. కుర్చీలాటలో పిల్లల్లా రెండు రకాల ఇన్సులిన్‌లూ ఆ యాంటీబాడీల కోసం పోటీపడతాయి. రోగి రక్తంలో ఇన్సులిన్ ఎక్కువుంటే అయోడిన్ ఇన్సులిన్‌కు చోటు తగ్గుతుంది. సంకేతం తగ్గిందంటే పదార్థం ఎక్కువున్నట్టన్నమాట. 1960 నాటి ఈ పద్ధతికి వాళ్లు పేటెంట్ తీసుకోలేదు. ఇంత గొప్ప పనిముట్టును లోకానికి ఊరికే ఇచ్చేసిన ఆ మనసుకు చేతులెత్తి మొక్కాలి. 1977లో యాలోకు నోబెల్ వచ్చేనాటికి బెర్సన్ లేడు.

గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలమ్, యెహియల్ గావోని విడదీశారు. అది కొవ్వులో కరుగుతుంది, అందులోనే తిష్ఠవేసి మెల్లగా బయటికొస్తుంది. కాలేయం దాన్ని మత్తు లేని కార్బాక్సీ టీహెచ్‌సీగా మార్చి మూత్రంలోకి పంపుతుంది. కిట్ వెతికేది ఆ మిగులునే. ఎప్పుడో ఒకసారి పీల్చినవారిలో అది మూడు నాలుగు రోజులు, రోజూ పీల్చేవారిలో నెలదాకా కూడా కనిపించవచ్చు. కాబట్టి ఇప్పుడు మత్తులో ఉన్నాడా అన్న ప్రశ్నకు మూత్రం జవాబు చెప్పలేదు.

1981 మే 26న అమెరికా యుద్ధనౌక నిమిట్జ్ మీద విమానం కూలి 14 మంది చనిపోయారు. మృతుల్లో కొందరు డెక్ సిబ్బంది శరీరాల్లో గంజాయి ఆనవాళ్లు దొరికాయి. విమానం నడిపింది వాళ్లు కాదు. అయినా ఆ తర్వాత నౌకాదళం మూత్ర పరీక్షలను ముమ్మరం చేసింది. 1986లో అధ్యక్షుడు రీగన్ ఉత్తర్వుతో అవి ప్రభుత్వోద్యోగాల్లోకీ వచ్చాయి. రేడియోధార్మిక అయోడిన్ స్థానంలో ఎంజైములు, తర్వాత స్ట్రిప్‌లలో ఎర్రగా కనిపించే బంగారు రేణువులు వచ్చాయిగాని పోటీ మాత్రం యాలో నాటిదే. మూత్రంలో గంజాయి మిగులు ఉంటే రేణువులను మోసే యాంటీబాడీలను అదే ఆక్రమిస్తుంది, గీత దగ్గర అంటుకోవడానికి ఏమీ మిగలదు.

మన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) దృష్టిలో గంజాయి అంటే పూత, కాయలున్న కొసలు. విడిగా ఉన్న ఆకులు ఆ నిర్వచనంలోకి రావు. అందుకే ఉత్తరాదిలో కొన్నిచోట్ల లైసెన్సు షాపుల్లో ఆకులతో చేసే భంగు అమ్ముతారు. కాశీలో భంగు తాగినవాడి మూత్రంలోనూ ఉండేది ఈ కార్బాక్సీ టీహెచ్‌సీయే. ఆకు ఏదో, పూత ఏదో కిట్‌కు తెలియదు.

అమెరికా నిబంధనల్లో ఈ తొలి పరీక్షకు హద్దు మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లవ వంతు. హద్దు దాటితే నమూనా ల్యాబ్‌కు వెళ్లాలి. అక్కడ గ్యాస్ క్రొమటోగ్రఫీ పదార్థాలను వేరుచేస్తే, మాస్ స్పెక్ట్రోమీటర్ అణువును ముక్కలు చేసి ఆ ముక్కల బరువులను బట్టి గుర్తుపడుతుంది. 15 నానోగ్రాములున్నా నిర్ధారణే. ఇది వాదనకు నిలిచే సాక్ష్యం, కిట్‌ది అనుమానం మాత్రమే. ఉద్యోగం తీసేసేవారు, కేసు పెట్టేవారు ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగితీరాలి.

2004 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం రోడ్ల మీద డ్రైవర్ల లాలాజలంలో డ్రగ్స్ వెతకడం మొదలుపెట్టింది. మొదటిరోజే కెమెరాల ముందు ఒక డ్రైవరుకు గంజాయి పాజిటివ్ అని తేలింది. తర్వాత ల్యాబ్‌లో చూస్తే అతని నమూనాలో గంజాయి లేదు. అప్పటికే అతని ముఖం వార్తల్లో వచ్చేసింది.