చేయి మనది, పేరును మనదే కావలయును

చీర కొనునప్పుడు మనము రంగు చూతుము, అంచు చూతుము, నేత ఒత్తుగా నున్నదా యని రెండు వ్రేళ్ల నడుమ నొత్తి చూతుము, పిమ్మట వెల యడుగుదుము. ఆ చీర యెవరి పేర అంగడికి వచ్చినదను ప్రశ్న మాత్రము మన నోట రాదు. వంట యెవరు చేసినను వడ్డించిన వారికే మెప్పు దక్కుట పెండ్లి పందిళ్లలో మన మెరిగినదే. నేత విషయమునను అట్లే జరుగుచున్నది. మెప్పొక్కటే పోయిన విచారము లేకుండును. మెప్పుతోబాటు బేరమును, బేరముతోబాటు ధనమును పోవుచున్నవి. కావున నీ విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయ దలచితిమి.

మేము నివసించు పోచంపల్లి పూర్వము నల్లగొండ జిల్లాలోనిది. 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ఈ యూరికి కీర్తి తెచ్చినది చిటికి నేత. నేయుటకు పూర్వమే నూలుపోగులను లెక్కప్రకారము చుట్టి, రంగు అంటగూడని చోట్ల బిగువుగా ముడులు గట్టి, రంగులో ముంచి, విప్పి, మరల గట్టి, మరల ముంచి, ఆ పోగులు మగ్గముపై కలిసినప్పుడు పువ్వో చిలుకయో తేలునట్లు చేయుట దీని రహస్యము. అచ్చు వేసిన గుడ్డపై బొమ్మ పైపైన నుండును. చిటికి నేతలో బొమ్మ పోగులోనే పుట్టును.

ఈ పనిలో తొలి మెట్టు ఆసు పోయుట. అర్ధచంద్రాకారమున మేకులు గ్రుచ్చిన చట్రముపై ఒక్కొక్క పోగును అటునిటు త్రిప్పి చుట్టవలెను. ఒక చీరకు చేయి సుమారు 9,000 మారులు ఆడవలసి యుండును. తరతరములుగా ఈ పని స్త్రీలదే. ఆలేరు ప్రాంతమునకు జెందిన చింతకింది మల్లేశము తన తల్లి భుజముల నొప్పి చూడజాలక, ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రమును నిర్మించి, దానికి తల్లి పేరు గలియునట్లు లక్ష్మీ ఆసు యంత్రమని నామకరణము చేసెను. 2017లో భారత ప్రభుత్వ మాయనను పద్మశ్రీతో గౌరవించినది. ఆ విధముగ యంత్రమునకైన తల్లి పేరు దక్కినది. మగ్గపుటింటి కాగితములలో తల్లి పేరెచ్చట నున్నదో వెదకి చూడుడు.

2019–20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణనములో దేశమునందలి చేనేత పనివారు సుమారు 35 లక్షలని తేలినది. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. ఆసు పోయుట, కండెలు చుట్టుట, ముడులు గట్టుట, నేయుట, ఇన్నిటను స్త్రీ చేయి యున్నది. అయినను సంఘపు సభ్యత్వము, బ్యాంకు ఖాతా, వర్తకుని చిట్టా మొదలగునవి చాల యిండ్లలో పురుషుని పేరనే నడచుచున్నవి. ఇంటిలో నందరు నొకటే గదా, పేరెవరిదైన నేమి యని మన పెద్దలందురు. ఇంటిలోపల నది నిజమే కావచ్చును. గడప దాటి పెద్ద సంస్థతో బేరమాడబోయిన నాడు పేరే పెట్టుబడి యగును. ఎట్లో చెప్పెదము.

అమెరికా దేశమున నల్లజాతివారు మొదలగు అల్పసంఖ్యాకులు నడుపు చిన్న సంస్థలకు పెద్ద కంపెనీల బేరములు దొరకుట దుర్లభముగ నుండెడిది. సరకు మంచిదైనను లోపలి వారి పరిచయము లేనిదే తలుపు తెరువబడదు. 1969లో నచ్చటి ప్రభుత్వము అట్టి సంస్థల నిమిత్తమై ప్రత్యేక కార్యాలయము నేర్పరచినది. 1972లో పెద్ద కొనుగోలుదారులను, అల్పసంఖ్యాకుల సంస్థలను కలుపుటకై యొక జాతీయ మండలి వెలసినది. సంస్థలో నూటికి 51 వంతులు నిజముగ వారి సొంతమై యుండవలెనని ఆ మండలి నియమము. మన దేశమున 2005లో దళిత పారిశ్రామికుల కొరకు మిలింద్ కాంబ్లే పుణెలో నొక వాణిజ్య మండలిని స్థాపించెను. 2012లో కేంద్ర ప్రభుత్వము తన శాఖలును, ప్రభుత్వ రంగ సంస్థలును కొను సరకులలో నూటికి 20 వంతులు సూక్ష్మ, చిన్న సంస్థల నుండి కొనవలెననియు, అందు 4 వంతులు షెడ్యూల్డు కులములు, తెగల వారి సంస్థలకు దక్కవలెననియు ఉత్తరువు చేసినది. 2018లో నా 20 వంతులను 25గా పెంచి, అందు 3 వంతులు స్త్రీల సొంత సంస్థల నుండి కొనవలెనని చేర్చినది.

ఈ మూడు వంతులు స్వల్పముగ దోచవచ్చును. కాని రైల్వేలు, నూనె సంస్థలు, బొగ్గు గనులు మొదలగు మహాసంస్థల కొనుగోళ్లలో నూటికి మూడు వంతులన్న నది చిన్న కాసారము గాదు, చెరువే. ఆ చెరువులో కుండ ముంచుటకు మొదట కావలసినది పేరు. ఏకవ్యక్తి సంస్థయైన యజమాని స్త్రీయై యుండవలెను. భాగస్వామ్యమైనను, కంపెనీయైనను నూటికి 51 వంతులకు దక్కువ గాకుండ స్త్రీల వాటా యుండవలెను. మగ్గము దగ్గర పండ్రెండు గంటలు కూర్చుండియు కాగితములో కనబడని స్త్రీకి ఈ వంతు దక్కదు. మరియొక సంగతి గమనింపుడు. ఇది సరకును తయారుచేయువారి కొరకైన యేర్పాటు. కొని యమ్ము వర్తకులకు వర్తింపదు. అనగా ఇన్నాళ్లును నడుమ నిలిచిన వానికంటె నేసిన చేతికే యిచ్చట యోగ్యత యెక్కువ.

ఉద్యమ్ అను నమోదు దీనికి ప్రవేశద్వారము. 2020 జూలై నుండి నడచుచున్న ఈ నమోదుకు రుసుము లేదు; రుసుమని చెప్పి యెవరైన సొమ్మడిగిన నమ్మవలదు. పిదప జెమ్ అను ప్రభుత్వ విపణిలో పేరు నమోదు చేసికొనవలెను. అది 2016లో వెలసినది. టెండరు కాగితములు చిన్న సంస్థలకు ఉచితము. ముందుగా కట్టవలసిన ధరావతు నుండియు మినహాయింపు గలదు. అన్నిటికంటె తక్కువ ధర పలికినవాడు పెద్ద సంస్థయైన యెడల, మన ధర వాని ధరకంటె నూటికి 15 వంతుల లోపల నున్నచో, మనము వాని ధరకు దిగివచ్చుట కొప్పుకొని యా కొనుగోలులో నాలుగవ పాలు సరఫరా చేయవచ్చును. కాని దిగుటకు ముందు లెక్క చూచుకొనవలెను. నష్టమునకు నేసిన చీర ఘనత తెచ్చునేమో కాని గంజి తేదు.

వస్త్రముల విషయమున మరియొక నియమము గలదు. 2017 నాటి ప్రభుత్వ ఆర్థిక నియమములలో, కేంద్ర శాఖలు కొను వస్త్రములలో నూటికి 20 వంతులకు దక్కువ గాకుండ చేనేతవై యుండవలెననియు, వానిని ఖాదీ సంస్థ నుండి గాని, సహకార సంఘములు, స్వయం సహాయక సంఘముల సమాఖ్యలు, ఉత్పత్తిదారుల కంపెనీలు, గుర్తింపు కార్డు గల నేతగాండ్రు మొదలగువారి నుండి గాని కొనవలెననియు నున్నది. తెరలు, దుప్పట్లు, తువాళ్లు, బల్లగుడ్డలు, ఇవన్నియు మన మగ్గముల మీద పుట్టదగినవే.

ప్రయివేటు సంస్థల నీ యుత్తరువులు బంధింపవు. వారు తమ యిష్టముచేతనో లాభముచేతనో వత్తురు. టైటాన్ సంస్థ 2017లో తనైరా యను చీరల అంగళ్లను ఆరంభించినది. ఆదిత్య బిర్లా వారు ఆద్యం పేరిట చేనేత వస్త్రముల నమ్ముచున్నారు. 2005 నాటికే పోచంపల్లి నేతకు భౌగోళిక గుర్తింపు లభించినది. దానికై మన సహకార సంఘమును, పట్టుచీరల తయారీదారుల సంఘమును కలిసి శ్రమించినవి. పేరు వారిని గుమ్మము దాక తెచ్చును. లోపలికి తెచ్చునది మాట నిలుకడ. పెద్ద సంస్థ వెల తరువాత నడుగునవి మూడు: మొదటి చీర రంగు నూరవ చీరకును వచ్చునా? కొలత తప్పదా? చెప్పిన తేదీకి చేరునా? కావున రంగుల పాళ్లను నోటి లెక్కగా గాక పుస్తకములో వ్రాసి యుంచవలెను. ఇరుపక్షముల యొప్పుదలతో నమూనా తునకను రెండుగా కత్తిరించి చెరియొకటి దాచుకొనవలెను. చిటికి నేతలో బొమ్మ యంచులు కొంత చెదరి యుండుట సహజ లక్షణము. అది లోపముగ నెంచబడదని ఒప్పందములోనే వ్రాయించవలెను. లేనిచో నా నేతకు ప్రాణమైనదే తిరస్కారమునకు కారణమగును.

ఇక నసలైన చిక్కు సొమ్ము రాకడలో నున్నది. పట్టు, రంగు, కూలి ముందుగానే కావలెను. పెద్ద సంస్థ పైకము మూడు నెలలకు గాని చేతికి రాదనుకొందము. లక్ష రూపాయల పెట్టుబడికి నెలకు నూటికి రెండు చొప్పున వడ్డీ కట్టిన, మూడు నెలలకు ఆరు వేలు వడ్డీకే పోవును. లాభ మంతకు మించకున్న, ఇల్లాండ్రు మూడు నెలలు ఉచితముగ పనిచేసినట్లే. 2006 నాటి చట్టము ప్రకారము, ఒప్పందమున్నను సరకు స్వీకరించిన నాటి నుండి 45 దినముల లోపల సొమ్ము చెల్లింపవలెను. తప్పినచో రిజర్వు బ్యాంకు రేటునకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా, చెల్లింపవలెను. చెల్లింపని వారిపై విన్నవించుకొనుటకు ఫెసిలిటేషన్ కౌన్సిలులు గలవు. ట్రెడ్స్ అను నేర్పాటు ద్వారా పెద్ద సంస్థ యొప్పుకొనిన బిల్లును బ్యాంకుకు తగ్గింపుపై అప్పగించి ముందుగానే సొమ్ము పుచ్చుకొనవచ్చును. 250 కోట్లకు మించిన వ్యాపారము గల కంపెనీలు అందులో చేరవలెనని 2024లో నిర్ణయమైనది. అడుగనిదే అమ్మయైనను పెట్టదు. ఇక పరాయి కంపెనీ పెట్టునా? అడుగుటకు ఆధారము మాత్రము కావలెను. సరకు పంపిన నాటి చీటి, వారు స్వీకరించిన తేదీ, బిల్లు నకలు, ఈ మూడును పసుపు కుంకుమల భరిణెతో సమానముగ భద్రపరచుకొనుడు.

ఒక్క యిల్లు ఇంత భారము మోయలేదు. పడుగులో నొక పోగు ఎంత గట్టిదైనను పోగే. వేలు కలిసిన చీర యగును. పదిమంది ఉత్పత్తిదారులు చేరిన కంపెనీగా నమోదు కావచ్చును. ఒకరు రంగు, ఒకరు ముడి, ఒకరు నేత, ఒకరు లెక్క చూచుకొన్నచో నూరు చీరల బేరమును గడువులోపల తీర్పవచ్చును. హైదరాబాదులో 2018 నుండి నడచుచున్న వి-హబ్ అను ప్రభుత్వ సంస్థ స్త్రీల వ్యాపారములకు తోడ్పడుచున్నది.

రెండు హెచ్చరికలు చేయక తప్పదు. పెద్ద బేరము దొరకినదని పాత కొనుగోలుదారుల నందరిని విడుచుట తగదు. ఒకే సంస్థకు మగ్గములన్నియు నప్పగించిన, ఆ సంస్థ మనసు మారిన నాడు మగ్గములన్నియు నొక్కసారి మూగవోవును. రెండవది, వంతు కొరకై స్త్రీ పేరు బెట్టి, సంతకము దప్ప మరేమియు నామెకు దెలియనీయకుండుట. అప్పు పుట్టిన నాడు, జరిమానా పడిన నాడు, ఆ పేరే చిక్కులో బడును. పేరు బెట్టిన యింట ఖాతా చూచు హక్కును, ధర చెప్పు హక్కును, వలదను హక్కును ఆమెకే యుండవలెను. భర్తలును, సోదరులును దీనికి సహాయులైన ఇల్లు రెండు చేతుల బలము నాలుగు చేతులుగా పొందును.

మేము నేయువారము గాము, మాకేమి పని యని తలచు సోదరీమణులతో నొక మాట. మీ యింటివారు పనిచేయు కార్యాలయములు దీపావళికి కానుకలు కొనును, అతిథి గృహములకు తెరలు కొనును. అవి యెచ్చటి నుండి వచ్చుచున్నవని అడిగి తెలిసికొనుడు. చదువు వచ్చిన మనము పొరుగింటి నేతగత్తెకు టెండరు చదివి చెప్పవచ్చును, బిల్లు వ్రాసి యీయవచ్చును, తేదీలు జ్ఞాపకము చేయవచ్చును. చదువునకు ఇంతకంటె మంచి వినియోగము మా కగపడదు.

మన యూరు దానమునకు పేరొందినది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే యిచ్చటి నిరుపేద హరిజనుల కొరకు 80 ఎకరములడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరము లిచ్చెను. నాటి నుండి ఇది భూదాన పోచంపల్లి యైనది. దానమిచ్చిన వారు పూజ్యులే. సరకు కొని వెల యిచ్చుట దానము గాదు. దానికై యెవరు నెవరికిని చేతులు మొగిడ్ప పనిలేదు. తొమ్మిది వేల మారులు ఆడిన చేయి తన పేర సంతకము చేసి, తన సరకునకు తన ధర చెప్పి, గడువునాటికి సొమ్ము అడుగవలెను. ఆ సంతకము నేర్పుట మన పని. ఈ మాసముననే నొక్కరికైన నేర్పుదము గాక.