సమానార్థక పదాలు: అర్థం ఒకటే, స్థానం వేరు

పరిచయం

నిఘంటువు తెరిచి చూస్తే ‘ఆస్క్’, ‘క్వశ్చన్’, ‘ఇంటరాగేట్’ అనే మూడు ఇంగ్లీషు క్రియలకూ అడుగు, ప్రశ్నించు అనే అర్థాలే కనిపిస్తాయి. ఏది వాడినా ఫరవాలేదని మీకు అనిపించవచ్చు. కాని బస్సు ఎప్పుడు వస్తుందని కండక్టరును అడగడం ‘ఆస్క్’. ఒకరు చెప్పిన మాట మీద నమ్మకం కుదరక నిలదీయడం ‘క్వశ్చన్’. పోలీసులు నిందితుణ్ణి కూర్చోబెట్టి విచారించడం ‘ఇంటరాగేట్’. మొదటిదాని చోట మూడోది వాడితే ఎదుటివారు నవ్వుతారు, లేదా నొచ్చుకుంటారు.

ఈ భాగం చదివిన తరవాత ఇంగ్లీషులో ఒకే అర్థానికి ఇన్ని మాటలు ఎందుకున్నాయో, వాటిలో సందర్భానికి తగినదాన్ని ఎట్లా ఎంచుకోవాలో మీరు వివరించగలుగుతారు.

ఇంగ్లీషులో మూడు పొరలు

5వ శతాబ్దంలో ఇప్పటి ఉత్తర జర్మనీ, డెన్మార్కు ప్రాంతాల నుంచి బ్రిటన్‌కు వలస వచ్చినవారి భాష నుంచి పాత ఇంగ్లీషు ఏర్పడింది. ఇది మొదటి పొర. 1066లో నార్మండీ ప్రభువు విలియం హేస్టింగ్స్ యుద్ధంలో గెలిచి ఇంగ్లండుకు రాజయ్యాడు. అప్పటి నుంచి దర్బారులోనూ, న్యాయస్థానాల్లోనూ చాలాకాలం ఫ్రెంచి రాజ్యమేలింది. న్యాయస్థానాల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేసేనాటికి ఎన్నో ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులో కలిసిపోయాయి. ఇది రెండో పొర. తరవాత, ముఖ్యంగా 16, 17 శతాబ్దాల్లో, పండితులు లాటిన్ నుంచి నేరుగా తెచ్చుకున్న మాటలు మూడో పొర. కింది వరసలు చూడండి.

అడుగు: ఆస్క్ – క్వశ్చన్ – ఇంటరాగేట్
పైకి పోవు: రైజ్ – మౌంట్ – అసెండ్
రాజుకు చెందిన: కింగ్లీ – రాయల్ – రీగల్

ప్రతి వరసలోనూ మొదటిది పాత ఇంగ్లీషు మాట, రెండోది ఫ్రెంచి నుంచి వచ్చింది, మూడోది లాటిన్‌ది. సాధారణంగా మొదటిది ఇంటి మాట, రెండోది కాస్త మర్యాద మాట, మూడోది పుస్తకాల మాట. ‘రాయల్’ వంటి కొన్ని మాటలు ఈ గీత దాటి అందరి నోటా నలిగాయి. కాబట్టి దీన్ని దారి చూపే గుర్తుగా తీసుకోండి, తప్పని నియమంగా కాదు.

ఒక్కొక్కసారి రెండు పొరల మాటలు పని పంచుకున్నాయి. గొర్రెకు పాత ఇంగ్లీషు మాట ‘షీప్’. ఫ్రెంచిలోనూ గొర్రె అనే అర్థమున్న మాట నుంచే ‘మటన్’ వచ్చింది. కాలక్రమంలో మందలో ఉన్నది ‘షీప్’గా, పళ్లెంలోకి వచ్చింది ‘మటన్’గా స్థిరపడ్డాయి. మన దేశానికి వచ్చాక ‘మటన్’ మేక మాంసానికి కూడా పేరయింది. మాట చోటు మారితే అర్థమూ జరుగుతుందనడానికి ఇదొక ఉదాహరణ.

తెలుగుతో పోలిక

ఈ సంగతి మీకు కొత్తది కాదు. మనం ‘గృహప్రవేశం’ అంటాం కాని, సాయంత్రం పని ముగించుకుని ‘గృహానికి వెళ్తున్నాను’ అనం. ‘జలాశయం’ అంటాం కాని, దాహమేస్తే ‘కాస్త జలం ఇవ్వండి’ అనం. కచేరీల్లో వాడే ‘అర్జీ’, ‘దరఖాస్తు’ అరబ్బీ, పారసీ భాషల నుంచి వచ్చాయి. ఏ మాట ఎక్కడ పలకాలో తెలుగులో మీకు ఎవరూ నేర్పలేదు, విని నేర్చుకున్నారు. ఇంగ్లీషులో అంతగా వినే అవకాశం లేనివారు గమనించి నేర్చుకోవాలి.

గౌరవం ఎక్కడ ఉంటుంది?

మన విద్యార్థులకు ఎదురయ్యే అసలు చిక్కు ఇక్కడే ఉంది. తెలుగులో గౌరవం క్రియ చివరనే తెలుస్తుంది: ‘చనిపోయాడు’, ‘చనిపోయారు’. ఇంగ్లీషు క్రియకు అటువంటి ప్రత్యయం లేదు. అందువల్ల ‘డైడ్’ అని రాస్తే తండ్రిని తక్కువ చేసినట్లు అనిపించి, సెలవు చీటీలో ‘మై ఫాదర్ ఎక్స్‌పైర్డ్’ అని రాస్తారు. లాటిన్ మూలంలో దానికి శ్వాస విడవడమనే అర్థం ఉంది. మన దేశంలో అది అందరికీ అర్థమవుతుంది కూడా. కాని బ్రిటన్, అమెరికాల్లో ఆ మాట నిత్యవ్యవహారంలో ఎక్కువగా పాస్‌పోర్టుకో, మందుల సీసాకో గడువు తీరిందని చెప్పడానికి వాడతారు. అక్కడి అధికారికి మీ ఉత్తరం వింతగా అనిపించవచ్చు. ‘డైడ్’ మొరటు మాట కాదు. ఇంకా మెత్తగా చెప్పాలంటే ‘పాస్‌డ్ అవే’ ఉంది. ‘డిసీజ్‌డ్’ బీమా, వారసత్వ పత్రాలకు తగిన మాట.

‘డిమాండ్’ సంగతీ ఇంతే. ఫ్రెంచిలో దాని మూలపదానికి మామూలుగా అడగడమనే అర్థం. ఇంగ్లీషులో అది పట్టుబట్టి అడగడం. సర్టిఫికెట్ కోసం రాసే ఉత్తరంలో ‘ఐ డిమాండ్’ అంటే విన్నపం కాస్తా హెచ్చరిక అవుతుంది. ‘కుడ్ యూ ప్లీజ్ సెండ్’ అంటే మాటలన్నీ తేలికవే, మర్యాద మాత్రం పూర్తిగా ఉంటుంది. ఇంగ్లీషులో గౌరవం మాట బరువులో కంటే వాక్యం తీరులో ఎక్కువగా ఉంటుంది.

ఎంచుకునే పద్ధతి

కొత్త మాట ఎదురైనప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని ఎవరు ఎవరితో అంటారు? ఇది ఏ మాటల పక్కన కనిపిస్తుంది? దీని బలం ఎంత? నోటుపుస్తకంలో మాటను ఒంటరిగా, తెలుగు అర్థంతో మాత్రమే రాసుకోకండి. అది కనిపించిన వాక్యం మొత్తం రాసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

సరైన పదం ఎన్నుకోండి.
1. స్నేహితుడితో, కలం కొనుక్కోవాలని చెప్పడం: బై / పర్చేజ్
2. డ్రైవింగ్ లైసెన్సు గడువు ముగియడం: డైడ్ / ఎక్స్‌పైర్డ్
3. పరీక్షలు మొదలయ్యే తేదీ గురించి అధికారిక ప్రకటన: బిగిన్ / కమెన్స్

జవాబులు: 1. బై. 2. ఎక్స్‌పైర్డ్. 3. రెండూ సరైనవే. ప్రకటనల్లో ‘కమెన్స్’ తరచుగా కనిపిస్తుంది. ‘బిగిన్’ రాసినా మర్యాద తగ్గదు. అదే విషయం ఇంట్లో చెప్పేటప్పుడు మాత్రం ‘కమెన్స్’ అతకదు.