టక్కుమంటుంది... బండి కదలదు!

(మా రాజాం విలేఖరి)

తాళం తిప్పితే 'టక్కు'మంటుంది. మళ్ళీ తిప్పితే మళ్ళీ 'టక్కు'. ఇంజను మాత్రం ఉలకదు, పలకదు. జీపు గానీ కారు గానీ ఉన్నవారిలో ఈ బాధ పడనివారు అరుదు.

గత వర్షాకాలంలో సంతకవిటి మండలంలోని ఒక ఊళ్ళో ఇదే జరిగింది. ఊడుపులకు వెళ్ళిన మా బంధువును సందెవేళ పాము కాటేసింది. చేతికి అందిన బండి ఊళ్ళో ఒక్క పాత జీపే. పేషెంటును ఎక్కించి తాళం తిప్పితే టక్కు, అంతే. “బేటరీ సచ్చిపోనాది బావా” అన్నాడు డ్రైవరు. మూడు నెలల క్రితం కొన్న బ్యాటరీ అది! పదిమందీ కలిసి తోశారు. బురదలో చక్రాలు జారాయే తప్ప ఇంజను అందుకోలేదు.

ఇంతలో సాలూరు లారీల మీద చాలాకాలం క్లీనరుగా పనిచేసిన ఒక ముసలాయన వచ్చి, “ముందు లైటెయ్యరా తమ్మీ” అన్నాడు. లైటు వేశారు. “ఇప్పుడు సెల్ఫ్ కొట్టు.” టక్కుమంది గానీ లైటు మసకబారలేదు. “బేటరీ బాగానే ఉంది, కిందన సూడండి” అంటూ టార్చి పట్టుకుని బండి కిందికి దూరాడు. ఇంజను నుంచి ఛాసిసుకు వెళ్ళే ఎర్త్ పట్టీ చిలుముపట్టి వదులుగా వేలాడుతోంది. కత్తితో గీకి, నట్టు బిగించాడు. మొదటి దెబ్బకే ఇంజను అందుకుంది. రోగి వేళకు రాజాం ఆసుపత్రి చేరాడు, బతికాడు.

శబ్దమే చెబుతుంది

సెల్ఫ్ మోటారు కారు ఇంజనును తిప్పడానికి 150 ఆంపియర్లో, అంతకంటే ఎక్కువో కరెంటు లాగుతుంది. డీజిలు బండికి ఇంకా ఎక్కువ కావాలి. దాన్ని వదిలే స్విచ్చే సొలినాయిడ్. మనకు వినిపించే టక్కు దానిదే. సొలినాయిడ్ పనిచేయడానికి కొద్ది కరెంటు చాలు, మోటారుకు మాత్రం చాలదు. అందుకే చప్పుడు ఉంటుంది, పని ఉండదు.

టకటకటకమని గబగబా కొట్టుకుంటే చాలావరకు బ్యాటరీలో చార్జి తగ్గినట్టు, లేదా టెర్మినళ్ళు వదులైనట్టు. సొలినాయిడ్ పట్టగానే మోటారు లాగుతుంది, వోల్టేజి పడిపోతుంది, సొలినాయిడ్ వదిలేస్తుంది. వదలగానే వోల్టేజి లేచి మళ్ళీ పడుతుంది. ఈ ఆటే ఆ టకటక. లైటు వేసి చూస్తే ఆరిపోతున్నట్టు మసకబారుతుంది.

లైటు వెలుగు తగ్గకుండా ఒకే ఒక్క గట్టి టక్కు వస్తే సొలినాయిడ్‌లోనో, మోటారు కార్బన్ బ్రష్షుల్లోనో, జీపులో మాదిరిగా ఇంజను ఎర్త్‌లోనో తేడా. బ్రష్షులు అరిగిన మోటారును కర్రతో మెల్లగా తడితే ఒక్కోసారి తిరుగుతుంది. అది ఆ పూటకు గండం గట్టెక్కించడానికే, మర్నాడు షెడ్డుకు పోవలసిందే. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేశాకే ఆ పని చేయాలి.

ఉప్పుగాలి దెబ్బ

భావనపాడు, కళింగపట్నం వైపు బండ్లవారికి ఇంకో తలనొప్పి ఉంది. సముద్రపు గాలికి టెర్మినళ్ళ మీద తెల్లగానో పచ్చగానో పొడి త్వరగా కడుతుంది. పైకి బిగువుగానే ఉన్నా ఆ పొడి కరెంటును అడ్డుకుంటుంది. ముందు నెగటివ్ (నల్ల) వైరు తీయాలి, తరవాత ఎర్ర వైరు. వంటసోడా కలిపిన నీళ్ళతో కడగాలి. ఆ నీళ్ళు బ్యాటరీ లోపలికి పోకూడదు. గరుకు కాగితంతో గీకి తెల్లగా మెరిసేలా చేసి, ముందు ఎర్రది, తరవాత నల్లది బిగించి, పైన కాస్త వాజిలిన్ పూయాలి. బీడీ ముట్టించి ఆ పనికి కూర్చోవద్దు. చార్జవుతున్న బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ నిప్పురవ్వకు పేలుతుంది. యాసిడ్ కళ్ళలో పడితే ఆ నష్టం కొత్త బ్యాటరీతో తీరేది కాదు.

మీటరుంటే మరీ మంచిది. ఇంజను ఆపి కొంతసేపయ్యాక 12.6 వోల్టులు చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం. ఇంజను తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.4 దాకా రావాలి. రాకపోతే తప్పు ఆల్టర్నేటరుది. కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజులకు మళ్ళీ టకటకే. ఈ చిన్న పరీక్ష చేయకుండానే వేల రూపాయల బ్యాటరీ అంటగట్టే దుకాణాలున్నాయి. మా బావమరిదికి ఏడాదిలో రెండు అలాగే అంటగట్టారు. చివరికి ఆల్టర్నేటరు బాగుచేయిస్తే తీరిపోయింది.

వేరే బండి నుంచి తీగలు వేయాలంటే ఎర్ర తీగ ఎర్ర టెర్మినళ్ళకు వేయాలి. నల్ల తీగ ఒక కొస మంచి బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొస ఆగిన బండి ఇంజను ఇనుముకు, బ్యాటరీకి దూరంగా పెట్టాలి. తోసి స్టార్ట్ చేయడం గేర్ల బండికే కుదురుతుంది. రెండో గేరు వేసి, క్లచ్ నొక్కి ఉంచి, వేగం అందాక వదలాలి.

పూర్వం ఈ సెల్ఫే లేదు. అమెరికాలో 1912లో కాడిలాక్ కారుకు కెట్టరింగ్ అనే ఇంజనీరు అమర్చిన సెల్ఫ్‌తోనే చేత్తో హ్యాండిల్ తిప్పే బాధ తగ్గడం మొదలైంది. అంబాసిడర్ కార్లకూ, పాత జీపులకూ ఆ హ్యాండిల్ ఉండేది. ఇంజను వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. అందుకే బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉంచి పట్టుకోమని పాత డ్రైవర్లు చెప్పేవారు.

ఆ జీపు ఇప్పటికీ మా వైపు తిరుగుతూనే ఉంది. డ్రైవరు సీటు కింద పానా, గరుకు కాగితం, టార్చిలైటు ఉంటున్నాయి.