కరెంటు పోయింది... కంప్యూటర్ లెక్క తప్పింది!

"మనకెందుకమ్మా ఈ కంప్యూటర్ గోల? పిల్లలు చూసుకుంటారులే" అనుకుంటున్నారా? మొన్న వేసవి దాకా నేనూ అలాగే అనుకున్నాను.

మా అత్తగారు పోయే ముందు ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చళ్ల కొలతలన్నీ చెబుతుంటే, పక్కన కూర్చుని కంప్యూటర్‌లో ఎక్కించుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆ ఫైలు తెరిచి, ఆవకాయ దగ్గర రెండు మాటలు చేర్చి సేవ్ చేశాను. అంతలోనే కరెంటు పోయింది! మళ్లీ వచ్చాక కంప్యూటర్ తనంతట తానే ఏదో తనిఖీ చేసుకుని మామూలుగానే తెరుచుకుంది. హమ్మయ్య అనుకున్నాను. తీరా చూస్తే ఫైలు పేరు ఉంది గానీ లోపల ఒక్క అక్షరం లేదు. ప్రాణం ఉసూరుమంది.

ఇంజనీరింగ్ చదివే మా మరిది కొడుకు వచ్చి చూసి, "పెద్దమ్మా, లెక్క కుదిరింది, సరుకే పోయింది" అన్నాడు. అదేమిటో మన వంటింటి భాషలో చెబుతాను, వినండి.

మీ అలమర నిండా డబ్బాలున్నాయి. ఏ డబ్బాలో ఏముందో రాసుకున్న పుస్తకమూ ఉంది. కందిపప్పును మూడో డబ్బాలోంచి ఏడో డబ్బాలోకి మార్చాలి. పప్పు పోయాలి, పుస్తకంలో కొత్త నంబరు వేయాలి, పాతది కొట్టేయాలి. ఈ పనుల మధ్యలో దీపం ఆరిపోతే? పుస్తకం ఒకటి చెబుతుంది, డబ్బాలో మరొకటి ఉంటుంది. డిస్కులో జరిగేదీ ఇదే. పైగా మనం సేవ్ చేసింది వెంటనే డిస్కుకు చేరకపోవచ్చు. కాసేపు మెమరీలో ఆగుతుంది. ఆలోగా కరెంటు పోతే అది గాలికే!

అందుకే తనిఖీ. విండోస్‌లో దీన్ని చెక్ డిస్క్ అంటారు. 1990లలో కంప్యూటర్ వాడినవాళ్లకు స్కాన్ డిస్క్ గుర్తుండే ఉంటుంది. ఇది పుస్తకాన్నీ డబ్బాలనీ సరిచూసి, ఎవరివో తెలియని ముక్కల్ని వేరే ఫోల్డర్‌లో పెడుతుంది, పుష్కరాల్లో తప్పిపోయిన పిల్లల్ని మైకు దగ్గర కూర్చోబెట్టినట్టు!

తర్వాత ఇంకో ఉపాయం వచ్చింది. విండోస్‌లో 1993లో వచ్చిన ఎన్.టి.ఎఫ్.ఎస్., లినక్స్‌లో 2001లో చేరిన ఎక్స్‌ట్3 పద్ధతుల్లో, చేయబోయే మార్పును ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటారు. కరెంటు వచ్చాక చిట్టా చూసి పుస్తకాన్ని చిటికెలో సరిచేస్తారు. అయితే ఆ చిట్టా కాపాడేది చాలావరకు పుస్తకాన్నే, లోపలి పప్పును కాదు. నా ఫైలు ఖాళీ అయింది అందుకే. కంప్యూటర్ "అంతా బాగుంది" అంటే దాని లెక్క బాగుందని మాత్రమే అర్థం!

అదృష్టం బాగుండి, గుడివాడలో ఉన్న మా చెల్లెలు సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ ఫైలు తన పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. కొలతలన్నీ దక్కాయి, చివరగా చేర్చిన ఆ రెండు మాటలు తప్ప.

మరి మనం చేయాల్సినవి:

* బల్ల మీది కంప్యూటర్‌కు యు.పి.ఎస్. పెట్టించండి. కరెంటు పోగానే పని ముగించి, పద్ధతిగా ఆపేయండి.

* పెన్ డ్రైవ్‌ను ఎజెక్ట్ నొక్కాకే తీయండి. వాటిలో చాలావాటికి ఆ చిట్టా సదుపాయం ఉండదు.

* తనిఖీ జరుగుతుంటే విసుగొచ్చి మధ్యలో స్విచ్ కట్టేయకండి.

* ముఖ్యమైన ఫైలు కనిపించకపోతే అందులో కొత్తవేవీ ఎక్కించకండి. తెలిసినవాళ్లతో ముందు ఉన్నదంతా వేరే డిస్కుకు కాపీ చేయించి, ఆ తర్వాతే రిపేరు చేయించండి. "ఫార్మాట్ చేసేద్దాం" అంటే చప్పున తలూపకండి.

* కాపీని వేరే ఇంట్లో కూడా ఒకటి ఉంచండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగాయి కదా! కంప్యూటర్, కాపీ ఒకే గదిలో ఉంటే రెండూ ఒకేసారి పోతాయి.

ఆవకాయ జాడీలోంచి కొంత తీసి అక్కచెల్లెళ్లకు పంపడం మనకు అలవాటే. ఇకనుంచి ఫోటోలు, లెక్కలు, వంటల కొలతలూ అలాగే పంపుదాం. ఏమంటారు?