పిడుగురాళ్ల సున్నం పక్కనే ఉండగా దాదా ఇంటికి సిమెంటెందుకు?

నరసరావుపేట పేరులోనే ఒక కుటుంబం ఉంది. ఒకప్పుడు అట్లూరు అని పిలిచిన ఊరికి మల్రాజు వంశపు జమీందారు నరసారావు పేరు వచ్చింది. జమీందార్ల సంగతి అలా ఉంచితే, గురజాల, మాచర్ల వైపు పల్లెల్లో మొదట వచ్చి స్థిరపడి, బావి తవ్వించి, నాపరాతి గోడలు లేపి మిద్దె వేసుకున్న మామూలు కుటుంబాల ఇళ్లు ఇంకా కొన్ని మిగిలున్నాయి. వాటిలో మన దాదాలవీ ఉన్నాయి. కొన్నింటికి తాళం పడింది, కొన్నింటి మిద్దె మీద రావి మొక్క మొలిచింది. "పడగొట్టి స్లాబు వేద్దామా, బాగు చేయిద్దామా?" అన్నది ఇప్పుడు చాలా ఇళ్లలో నడుస్తున్న మాట.

బాగు చేయించవచ్చు అనడానికి కామారెడ్డి జిల్లా దోమకొండ కోట మంచి ఉదాహరణ. కామినేని వంశం నిజాం కాలంలో సంస్థానం నడిపిన చోటు అది. లోపల అద్దాల మేడ ఉంది, గుడి ఉంది. సర్కారు వచ్చి చేస్తుందని కూర్చోకుండా ఆ కుటుంబమే ట్రస్టు పెట్టి, పాత పద్ధతిలో సున్నంతో మరమ్మతులు చేయించింది. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ అవార్డుల్లో దానికి గుర్తింపు దక్కింది. అదే ఏడాది గోల్కొండ మెట్ల బావులకూ అవార్డు వచ్చింది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి చేసిన పని అది. అక్కడ గుంబద్‌ల మీద వెనకటి మరమ్మతుల్లో పూసిన సిమెంటును గీకి తీసి, మళ్లీ సున్నం పూశారు.

వాళ్లకు డబ్బుంది, మనకెక్కడిది అంటారా? నిజమే. కానీ వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది డబ్బు గురించి కాదు, సున్నం గురించి.

రాతి గోడ నేలలోంచి తేమ పీలుస్తుంది. మట్టితోనో సున్నంతోనో కట్టిన గోడైతే ఆ తేమను మళ్లీ గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే దారి మూసుకుపోతుంది. తేమ లోపలే ఉండి ఉప్పు పేరుకుని, కొన్నేళ్లకు పూత ఉబ్బి పెచ్చులుగా ఊడుతుంది. ఊడేటప్పుడు రాయి పైపొరను కూడా లాక్కుపోతుంది. మేస్త్రీ "సిమెంటు కొడితే ఇంక చూడక్కర్లేదు" అంటాడు. కొత్త ఇంటికి ఆ మాట చెల్లుతుంది, పాత ఇంటికి కాదు.

మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ మొదలైంది 1958లో. మీ ఇల్లు అంతకంటే పాతదైతే గోడల్లో సిమెంటు దాదాపు ఉండదనే లెక్క. విచిత్రం ఏమిటంటే, దానికి కావాల్సిన సున్నం మన ముంగిట్లోనే ఉంది. పిడుగురాళ్ల సున్నం బట్టీలకే పేరుపడ్డ ఊరు. సున్నపురాయిని కాల్చి, నీళ్లు పోసి విరిచి, గుంటలో నానబెట్టి, ఇసుక కలిపి గానుగలో రుబ్బితే డంగు సున్నం. కరక్కాయ నీళ్లు, బెల్లం కూడా కలిపేవారు. ఇది గాలి తాకుతూ నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి తొందర పనికిరాదు. సరుకు కంటే కూలీ, రోజులు ఎక్కువ పడతాయి. బడ్జెట్ వేసుకునేటప్పుడు ఇది మర్చిపోవద్దు.

అయితే గోడ కంటే ముందు తేలాల్సింది వాటాలు. ఇల్లు ఎవరిదో తేలకుండా రూపాయి కూడా పెట్టొద్దు. మన విరాసత్‌లో మనిషి పోయిన క్షణమే వాటాలు ఏర్పడతాయి. సూరహ్ నిసా 11, 12 ఆయతుల్లో లెక్క ఉంది. అమ్మానాన్నలు ముందే పోయిన వ్యక్తికి భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారనుకుందాం. అప్పులు, వసియ్యత్ తీరాక మిగిలిన ఆస్తిని 40 భాగాలు చేస్తే భార్యకు 5, ఒక్కో కొడుక్కి 14, కూతురికి 7. ఇక్కడ వాటాలు తేల్చకుండా ఇంకో తరం గడిస్తే 40 కాస్తా వందల్లోకి పోతుంది. చివరికి గోడ కూలుతున్నా సంతకం పెట్టేవాళ్లందరూ ఒకచోట దొరకరు.

"చెల్లి తన వాటా మాఫ్ చేసేసింది" అనే మాట నాకు ఎప్పుడూ మింగుడుపడదు. అడిగారా, ఇచ్చిందా, లేక పండక్కి పిలవరేమో అని ఊరుకుందా? నిజంగా ఇస్తే అది హిబా. దానికి ఈజాబ్, ఖబూల్, ఖబ్జా మూడూ ఉండాలి. ఇల్లు కాగితం మీద పంచుకుంటే ఆ కాగితానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

ఇల్లు అమ్ముడుపోకుండా తరతరాలు నిలవాలనుకునేవాళ్లకు వక్ఫ్ అలల్ ఔలాద్ ఉంది. 1894లో ప్రివీ కౌన్సిల్ కాదంటే, 1913 చట్టం దాన్ని నిలబెట్టింది. 2025 సవరణ మాత్రం ఆడవాళ్లతో సహా వారసుల హక్కుకు దీనివల్ల గండి పడకూడదంటోంది. ఆ దారి పట్టేముందు ఆలిమ్‌నూ వకీలునూ ఇద్దరినీ అడగండి.

ఇంకో చిక్కు, చాలా పాత ఇళ్లు గ్రామకంఠంలో ఉంటాయి, కాగితం అంటే పంచాయతీ ఇంటి పన్ను రసీదే. అవి పాతవైనా పారేయొద్దు. ఇక ఈలోగా చేయగలిగిన చిన్న పని ఒకటుంది: వానలకు ముందే మిద్దె మీది మొక్కల్ని వేళ్లతో సహా తీయించి, తూము శుభ్రం చేయించడం. దానికి ఒకరోజు కూలీ చాలు. వాటాదారుల్లో ఎవరూ అభ్యంతరం చెప్పరు కూడా.